పాఠ్యపుస్తకాలకు తాళం తీయండి: రెండు రాష్ట్రాల విద్యాశాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాల విద్యాశాఖల అధికారులకు, పాఠ్యపుస్తకాలు తయారుచేసే రెండు ఎస్‌సీఈఆర్‌టీల వారికి నమస్కారం.

బళ్ళలోకి ఏఐ వచ్చేస్తోంది. తెలంగాణలో ప్రాథమిక బడుల్లో ఏఐ సాయంతో చదవడం, లెక్కలు నేర్పే కార్యక్రమం 2025లోనే మొదలైంది. పిల్లలైతే ఎవరి అనుమతీ అడక్కుండా అమ్మ ఫోన్లోనో నాన్న ఫోన్లోనో చాట్‌బాట్‌ని హోంవర్కు అడిగేస్తున్నారు. దీన్ని ఆపమని ఈ లేఖ రాయడంలేదు. చాట్‌బాట్లు బడికి రావాలి, మంచి తెలుగులో రావాలి, ట్యూషన్‌కి డబ్బులు లేని ఇంటి పిల్లలకి ముందు రావాలి అని కోరుకునేవాళ్ళలో నేనూ ఒకడిని. నా పట్టుదలంతా ఒక్క విషయం మీదే. పిల్లల చేతికిచ్చే ఏ సాధనమైనా, అది కంప్యూటర్లో ప్రోగ్రామైనా చాట్‌బాటైనా పాఠ్యపుస్తకమైనా, వాళ్ళ టీచరు విప్పి చూడగలిగేదిగా, తన క్లాసుకు తగ్గట్టు మార్చుకోగలిగేదిగా, పక్క ఊరి బడికి కాపీ చేసి ఇవ్వగలిగేదిగా ఉండాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే ఇదే. 1983లో అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం ప్రాజెక్టు ప్రకటించినప్పటినుంచీ ఆ ఉద్యమం అడుగుతున్నది ఇదే. డబ్బు ఆదా అవడం దానివల్ల వచ్చే లాభాల్లో ఒకటి మాత్రమే.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో కొందరు మిత్రులతో కలిసి ప్రభుత్వ బడుల్లో పాత కంప్యూటర్లకి లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం వేసి ఇస్తుంటాను. అందుకని ముందు ల్యాబు సంగతి చెప్తాను, చాట్‌బాట్ దగ్గరికి తర్వాత వస్తాను.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరో అంతకన్నా కొత్తదో ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. మేం వెళ్ళే బడుల్లో ఉన్న మిషన్లు చాలావరకు అంతకు ముందువే. అవి పాడైపోలేదు, కీబోర్డు మార్చి, దుమ్ము దులిపి, కుదిరితే హార్డ్ డిస్క్ తీసి ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ పెడితే ఇంకా కొన్నేళ్ళు హాయిగా నడుస్తాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న మిషన్ మీద లినక్స్‌లో రకాలైన డెబియన్ గానీ లినక్స్ మింట్ గానీ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో చక్కగా పనిచేస్తుంది. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ళు డెబియన్ మీద తయారుచేసిన బాస్ లినక్స్ ఉండనే ఉంది, తెలుగుతో సహా. కంపెనీ గడువు అయిపోయిందన్న ఒక్క కారణంతో ఈ కంప్యూటర్లని స్క్రాప్‌కి రాయొద్దని, కొత్త టెండర్లు పిలవొద్దని ముందుగా మనవి.

పైగా వీటిలో వేసుకునేవాటిలో చాలావాటికి నెట్ కూడా అక్కర్లేదు. చిన్నపిల్లలకి ఆటలతో నేర్పే జీకాంప్రిస్, బొమ్మలు వేసుకునే టక్స్ పెయింట్. రాత్రి ఆకాశం చూపించడానికి స్టెల్లేరియం. కివిక్స్ వేసి తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒక్కసారి దించి పెడితే, లక్షకు పైగా వ్యాసాలు ఇంటర్నెట్ లేని బడిలో కూడా పిల్లల చేతిలో ఉంటాయి. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళ ఫెట్ సిమ్యులేషన్లు (తెరమీద చేసే ప్రయోగాలు) ఉన్నాయి, నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినవి, వాటిలో కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. కరెంటు పాఠానికి ఒక బ్యాటరీ, రెండు బల్బులు తెరమీద కలుపుకుంటారు, వరసగా కలిపితే వెలుగు తగ్గుతుంది, సమాంతరంగా కలిపితే తగ్గదు. పరికరాల పెట్టె తాళం హెడ్మాస్టరు గారి బీరువాలో ఉండిపోయే బడిలో ఇది ఎంత పెద్ద విషయమో సైన్సు టీచర్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇది ఎక్కడా జరగని వింతేమీ కాదు. కేరళలో ఐటీ@స్కూల్ అని 2001 ప్రాంతంలో మొదలుపెట్టారు, కొన్నేళ్ళకి హైస్కూళ్ళన్నిటినీ పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి తెచ్చారు, పదో తరగతి ఐటీ ప్రాక్టికల్ పరీక్ష కూడా దాని మీదే పెట్టారు. 2017లో ఆ ప్రాజెక్టే కైట్ అనే ప్రభుత్వ సంస్థ అయింది. ఉబుంటు మీద తమ పాఠ్యాంశాలకి సరిపడేలా సొంత ఆపరేటింగ్ సిస్టం తయారుచేసుకుంటారు, కొత్త వెర్షన్లు విడుదల చేస్తుంటారు, లైసెన్సు ఖర్చుల్లో ఆదా రూ. 3,000 కోట్ల దాకా ఉంటుందని వాళ్ళే చెప్పారు. ఆ అంకె కన్నా నాకు నచ్చింది వాళ్ళ పద్ధతి. బయటి ఏజెన్సీ వాళ్ళు వచ్చి బిగించి వెళ్ళిపోవడం కాదు, ఆ రాష్ట్రంలోని టీచర్లనే మాస్టర్ ట్రెయినర్లుగా తయారుచేశారు. 2024లో ఏఐ మీద 80,000 మంది టీచర్లకి శిక్షణ మొదలుపెట్టగలిగారంటే, ఏడో తరగతి ఐసీటీ పుస్తకంలో పిల్లలే ముఖకవళికలు గుర్తుపట్టే చిన్న ప్రోగ్రాం రాసే పాఠం పెట్టగలిగారంటే, ఇరవయ్యేళ్ళ ఆ పునాది వల్లే.

మన దగ్గర ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకి, వాళ్ళ టీచర్లకి కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు బైజూస్ కంపెనీ పాఠాలతో పంచారు. 2024 జులైకల్లా ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ఏ పార్టీ ప్రభుత్వం చేసిందన్న గొడవలోకి నేను వెళ్ళను, ఉద్దేశం మంచిదే అయ్యుండొచ్చు. కానీ ఆ వీడియోల్లో ఒక లెక్క మన పిల్లలకి అర్థంకాకపోతే దాన్ని మార్చే హక్కు ఏ లెక్కల మాస్టారికీ లేదు, కంపెనీ మూతపడితే ఆ పాఠాలని తీసుకుని ముందుకి నడిపే హక్కు మీ శాఖకి కూడా దానంతటది రాదు. రేపు చాట్‌బాట్ కొన్నా ఇదే చిక్కు, ఇంకొంచెం పెద్దగా.

ఇప్పుడు చాట్‌బాట్. మేం కంప్యూటర్లు పెట్టిన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో చూసింది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నా వాదన బలమంతా దీని మీదే ఉంది.

ఏడో తరగతి అమ్మాయి ఒకామె 1/4 + 1/6 ఎంత అని ఫోన్లో మామూలు చాట్‌బాట్‌ని తెలుగులో అడిగింది. అది మెట్లు మెట్లుగా చేసి 5/12 అని ఇచ్చింది, ఏ తప్పూ లేదు. అమ్మాయి నోట్సులో ఎక్కించుకుంది. లెక్కల టీచరు వచ్చి “ఈ 12 ఎక్కణ్నుంచి వచ్చిందమ్మా?” అని అడిగితే నోట్సు వంక చూసింది, టీచరు వంక చూసింది, మాట్లాడలేదు. అదే టీచరు మేం ల్యాబు కంప్యూటర్లో పెట్టిన చాట్‌బాట్ దగ్గర కూర్చుని, పిల్లలతో ఎలా మాట్లాడాలో దానికి తెలుగులోనే సూచనలు రాశారు. జవాబు చెప్పొద్దు, ఒకసారికి ఒక్క ప్రశ్నే అడుగు. పైవి పైవి, కిందివి కిందివి కలిపి 2/10 అని రాసేవాళ్ళు క్లాసులో సగం మంది ఉంటారు, అలా రాస్తే వెంటనే తప్పు అనకు, 2/10 పావు కన్నా ఎక్కువా తక్కువా అని అడుగు. ఇంకో నాలుగైదు వాక్యాలు, అంతే.

తర్వాత కూర్చున్న అబ్బాయి సరిగ్గా 2/10 అనే కొట్టాడు. చాట్‌బాట్ అడిగింది, పదిలో రెండు అంటే ఐదో వంతు కదా, అది పావు కన్నా ఎక్కువా తక్కువా అని. వాడు కాసేపు ఆలోచించి “తక్కువ” అని కొట్టి, పక్కవాడితో “పావుకి ఇంకొంచెం కలిపితే పావు కన్నా తగ్గిపోయిందేంట్రా” అన్నాడు. అక్కడ పడింది దారిలోకి. తర్వాత 4 ఎక్కం, 6 ఎక్కం కాయితం మీద రాసుకుని 12 దగ్గరికి వాడే వచ్చాడు. ఆలస్యమైంది, కానీ ఆ పన్నెండు ఎక్కణ్నుంచి వచ్చిందని టీచరు అడిగితే ఈసారి వాడు చెప్పగలిగాడు.

ఆ సూచనలు కంపెనీ ఇంజనీరుకి తట్టేవి కావు. ఏళ్ళ తరబడి పిల్లల నోట్సులు దిద్దిన టీచరుకి మాత్రమే తెలుసు ఎవరు ఎక్కడ జారతారో. ఆ తెలివిని చాట్‌బాట్‌లోకి ఎక్కించే చోటు టీచరుకి తెరిచి ఉండాలి, ఆయన రాసిన సూచనలు వేరే జిల్లా టీచరుకి కనబడాలి, ఆమె వాటిని సరిదిద్ది మెరుగుపరచగలగాలి. మూసేసిన యాప్‌లో ఆ సూచనలు ఎవరికీ కనబడవు, అది పిల్లవాడితో ఏ ఉద్దేశంతో అలా మాట్లాడుతోందో అడిగినా చెప్పే నాథుడుండడు.

ఇది నా ఒక్కడి అనుభవమైతే మీరు పక్కన పెట్టేయొచ్చు. 2023లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు టర్కీలో ఒక హైస్కూల్లో వెయ్యి మంది దాకా పిల్లల మీద లెక్కల క్లాసుల్లో ఇదే పరీక్షించారు. మామూలు చాట్‌బాట్ ఇచ్చినవాళ్ళు సాధన చేసేటప్పుడు 48 శాతం మెరుగ్గా చేశారు, తీరా దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు చాట్‌బాట్ చూడని పిల్లల కన్నా 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. టీచర్లు రాసిచ్చిన సూచనలతో, జవాబు చెప్పకుండా దారి చూపించేలా పెట్టిన చాట్‌బాట్ వాడినవాళ్ళకి ఆ నష్టం దాదాపు లేకుండా పోయింది. చాట్‌బాట్ మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నది దాన్ని ఎవరు, ఎలా మలిచారన్నదాని మీదే ఉందని దీన్నిబట్టే తెలుస్తోంది. ఆ మలిచే పని మన టీచర్ల చేతిలో పెట్టకుండా ఎవరికో కాంట్రాక్టు ఇచ్చేస్తే పదిహేడు శాతం కింద పడే పక్షాన మన పిల్లలే ఉంటారు.

సరే, అలాంటి చాట్‌బాట్ ఎక్కడ నడపాలి? ఇక్కడ దాపరికం లేకుండా మాట్లాడతాను. బడి ల్యాబులోని పాత మిషన్ మీద నడిచేంత చిన్న ఏఐ మోడళ్ళు (చాట్‌బాట్ వెనక ఉండి జవాబులు రాసేవి) నేటికి తెలుగు బాగా రాయవు. మేం చూపించిన రోజు కూడా మోడల్ నడిచింది మా మిత్రుడి సర్వరు మీద, ల్యాబు కంప్యూటరు దానికి కిటికీ మాత్రమే. కానీ అందుబాటులో ఉన్నవి తక్కువేమీ కాదు. బెంగళూరు ఏఐ కంపెనీ సర్వం వాళ్ళు 2025 మేలో విడుదల చేసిన సర్వం-ఎం, 24 బిలియన్ పారామీటర్ల పెద్ద మోడల్, ఎవరైనా వాడుకుని మార్చుకోగల అపాచీ లైసెన్సుతో ఉంది, తెలుగు వచ్చు. కుదించి పెడితే 24 జీబీ మెమరీ ఉన్న ఒక్క గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తుంది. ఐఐటీ మద్రాసు ఏఐ4భారత్ వాళ్ళ అనువాద మోడళ్ళు స్వేచ్ఛగా దొరుకుతాయి. హైదరాబాదులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ అనే సంస్థ కార్యకర్తలు, ఇంజనీరింగు విద్యార్థులు తెలుగు కథలు పోగుచేసి చందమామ కథల పేరుతో చిన్న తెలుగు మోడల్ తయారుచేశారు. జిల్లాకి ఒక సర్వరో, రాష్ట్రానికి ఒక డేటా సెంటరో పెట్టుకుని ఇలాంటివాటిని బడులకి అందించడం ప్రభుత్వానికి మోయలేని భారం కాదు. విదేశీ కంపెనీల సర్వీసులకి వాడినకొద్దీ కట్టాలి, అదీ మోడల్ వాక్యాన్ని విడగొట్టే ముక్కల (టోకెన్ల) లెక్కన. చాలా మోడళ్ళు తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు వాక్యం కన్నా ఎక్కువ ముక్కలు చేస్తాయి కాబట్టి అదే ప్రశ్న తెలుగులో అడిగిన పిల్లకి బిల్లు ఎక్కువ పడుతుంది. ఇంకోటి, పిల్లలు చాట్‌బాట్‌తో ఏవేవో చెప్పేసుకుంటారు, ఇంట్లో గొడవలు, క్లాసులో భయాలు. 2023 నాటి డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటోంది, వాళ్ళ కదలికల మీద నిఘా పెట్టకూడదంటోంది. సర్వరు మన చేతిలో ఉండి, అది చేసే పని ఎవరైనా విప్పి చూడగలిగితేనే ఈ చట్టం అమలవుతోందో లేదో మీకైనా తెలిసేది.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా అడగదలుచుకున్నది పాఠ్యపుస్తకాల గురించి.

తెలుగు చాట్‌బాట్ బడికి పనికిరావాలంటే దానికి మన బడి పుస్తకం తెలియాలి. ఆరో తరగతి సైన్సు పుస్తకంలో ఏ పదం వాడారో, ఆ పాఠం ఏ ఉదాహరణతో మొదలవుతుందో, ఏ ప్రయోగం చేయమన్నారో తెలియకపోతే అది పిల్లకి రాని మాటలతో రాని పాఠం చెప్తుంది. మరి మన పుస్తకాలు ఏ స్థితిలో ఉన్నాయి? పీడీఎఫ్‌లు వెబ్‌సైట్లలో ఉన్నాయి, సంతోషం. తెలుగు పుస్తకాల డీటీపీలో ఏళ్ళుగా యూనికోడ్ (కంప్యూటర్లన్నీ తెలుగు అక్షరాలుగా గుర్తుపట్టే పద్ధతి) కాని పాత ‘అను’ ఫాంట్లదే రాజ్యం కాబట్టి, అలా తయారైన పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి పెడితే అక్షరాల బదులు అర్థంలేని గుర్తులు వస్తాయి. కంటికి తెలుగే, కంప్యూటరుకి మాత్రం కాదు. వెతికితే దొరకదు, చూపులేని పిల్లలకి స్క్రీన్ రీడర్ చదివి వినిపించదు, చాట్‌బాట్‌కి ఎక్కదు. ఇది మీరు మాత్రమే తీర్చగలిగిన లోటు, ఎందుకంటే అసలు ఫైళ్ళు మీ దగ్గరే ఉన్నాయి.

రెండో అడ్డు లోపలి పేజీలో ఉంది. తెలంగాణ పుస్తకం తెరవండి, ప్రభుత్వం ఉచితంగా పంపిణీ చేస్తోందని రాసి ఉంటుంది. అదే పుస్తకం కాపీరైటు పేజీలో సర్వహక్కులూ ప్రభుత్వానివని, ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఏ రూపంలోనూ పునర్ముద్రించరాదని, నిల్వ చేయరాదని ఇంగ్లీషులో ఉంటుంది. ప్రజల పన్నులతో, ప్రభుత్వ టీచర్లే కూర్చుని రాసిన పాఠాలివి. ఎవరినుంచి కాపాడుతున్నాం వీటిని? ఒక టీచరు ఆ పాఠంతో తన పిల్లలకోసం చిన్న చాట్‌బాట్ తయారుచేసినా ఆ పేజీలో రాసినదాని ప్రకారం మీ అనుమతి అడగాల్సిందే. ఎన్‌సీఈఆర్‌టీ 2013లో పెట్టిన జాతీయ బోధనా వనరుల భాండాగారానికి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (ఎవరైనా పంచుకోవచ్చని, మార్చుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతి) ఇచ్చారు. మన పుస్తకాలకి కూడా ఆ లైసెన్సు ఒక్క జీవోతో ఇవ్వొచ్చు.

ఆంధ్రప్రదేశ్ ఎస్‌సీఈఆర్‌టీ వారికి ప్రత్యేకంగా ఒక మాట. మీరు కొన్నేళ్ళుగా అచ్చేస్తున్న ద్విభాషా పుస్తకాలు, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో, అవి పిల్లలకి ఎంత మేలో అందరూ చెప్పారు. కానీ మీ చేతిలో ఇంకో నిధి ఉందని మీకెవరైనా చెప్పారో లేదో. యంత్రానువాదం నేర్పడానికి పరిశోధకులు కావాలని తపించేది సరిగ్గా ఇదే, ఒకే విషయం రెండు భాషల్లో, వాక్యానికి వాక్యం, నిపుణులు సరిచూసినది. సైన్సు, లెక్కలు, సాంఘికం, ఇన్ని తరగతులకి. దీన్ని యూనికోడ్‌లో స్వేచ్ఛగా వదిలితే హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో పరిశోధకుడి నుంచి అమెరికాలో పిల్లలకి తెలుగు నేర్పుకునే తల్లిదాకా అందరూ వాడుకుంటారు, వాటితో తయారైన మంచి తెలుగు సాధనాలు మళ్ళీ మన బడికే వస్తాయి.

చాట్‌బాట్లు తప్పులు చెప్తాయి, టీచర్లకి ఇదొక కొత్త టెన్షన్ అవుతుంది అని మీలో కొందరు అనొచ్చు. రెండూ నిజమే. తప్పు చెప్పినప్పుడు దాన్ని పట్టుకుని సరిచేసే దారి ఉండాలి కాబట్టే విప్పి చూడగలిగేది కావాలంటున్నాను. టీచర్ల విషయానికొస్తే, వాళ్ళు ఇప్పటికే యాప్‌లలో హాజరు, భోజనాల లెక్క, ఫొటోలు అప్‌లోడ్ చేస్తూ విసిగిపోయి ఉన్నారు. ఆ వరసలో ఇంకో యాప్ పడేయకండి. ప్రతి మండలంలో ఇష్టపడి ముందుకొచ్చే ఇద్దరు ముగ్గురు టీచర్లు తప్పకుండా దొరుకుతారు, వాళ్ళకి స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో కాస్త టైము, ఒక ఆన్‌డ్యూటీ ఉత్తర్వు ఇస్తే చాలు, మిగతావాళ్ళకి వాళ్ళే నేర్పుకుంటారు.

విధానపరంగా మీకు అడ్డేమీ లేదు. 2012 నాటి జాతీయ పాఠశాల ఐసీటీ విధానంలోనే స్వేచ్ఛా, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి ప్రాధాన్యం ఇవ్వాలని ఉంది, 2015లో కేంద్రం ప్రభుత్వ కార్యాలయాల కోసం ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించింది. మీ పుస్తకాల మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునే దీక్ష అనే పాఠాల వేదిక కూడా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అయిన సన్‌బర్డ్ మీద కట్టిందే.

కాబట్టి ఇకమీద పిలిచే ఏ ఏఐ టెండరులోనైనా సోర్స్ కోడ్ స్వేచ్ఛా లైసెన్సుతో ప్రభుత్వానికి దఖలు పడాలని, చాట్‌బాట్‌కి ఇచ్చిన సూచనలన్నీ టీచర్లకి కనబడాలని, వాళ్ళు మార్చుకోగలగాలని షరతు పెట్టండి. ల్యాబుల్లో ఉన్న మిషన్లని పారేయకముందు ఒక్కో జిల్లాలో కొన్ని బడుల్లోనైనా లినక్స్ వేయించి చూడండి. పాఠ్యపుస్తకాలని యూనికోడ్‌లో, క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదల చేయండి.

ఈ చివరిదానికి మీ సిబ్బందికి తీరిక లేదంటే ఆ పని మాకు అప్పగించండి. పేజ్‌మేకర్ ఫైళ్ళైనా ఇన్‌డిజైన్ ఫైళ్ళైనా, ఏ రూపంలో ఉన్నా సరే ఇవ్వండి. అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, అవి ఒత్తుల దగ్గర, గుణింతాల దగ్గర చేసే తప్పులు మనిషి కూర్చుని దిద్దాలి, ఆ దిద్దే పనికి వికీపీడియా, వికీసోర్సులో ఏళ్ళుగా తెలుగు దిద్దుతున్నవాళ్ళున్నారు, కాలేజీ పిల్లలున్నారు, రిటైరైన తెలుగు పండితులున్నారు. వేసవి సెలవుల్లో మొదలుపెడితే, జూన్ 12న బళ్ళు తెరిచేనాటికి కనీసం ఆరు, ఏడు తరగతుల లెక్కలు, సైన్సు పుస్తకాలు సిద్ధం చేసి మీకు అప్పజెప్తాం. మాకు డబ్బేమీ అక్కర్లేదు, ఫైళ్ళు, ఒక అనుమతి ఉత్తర్వు ఇప్పిస్తే చాలు.

ఇట్లు,
ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్త